బుల్లి దేశపు మహారాజు, మా బావ

మా బావకి ఉన్న జబ్బు ఒక్కటే. ప్రపంచ పటం ముందు పెట్టి, ఇందులో ఏ దేశం కావాలో కోరుకోమంటే, కళ్లద్దాలు సర్దుకుని, పటానికి ముక్కు ఆనించి, వెతికి వెతికి, ఈగ వాలితే కనబడకుండా పోయే దేశం మీద వేలు పెడతాడు. "ఇది నాది" అంటాడు. పక్కనే నదులూ, గనులూ, గుర్రాలూ ఉన్న సామ్రాజ్యాలు రా రమ్మని పిలుస్తున్నా అటు కన్నెత్తి చూడడు.

మనిషి చిన్నవాడా అంటే కాదు. ఏ గుమ్మంలోంచి రావాలన్నా తల వంచాలి. మీసాలు చూస్తే ఇప్పుడే దండయాత్రకి బయలుదేరుతున్నాడనిపిస్తుంది. అంతటి విగ్రహం మూడు ఊళ్లూ, ఒక కొండా, కాసిని మేకలూ ఉన్న రాజ్యాన్ని ఏలుకుంటూ మహదానందంగా ఉంటుంది.

ముందు ఆట సంగతి చెప్పాలి. పాతకాలపు రాజ్యాల ఆట అది. కంప్యూటరులో ఉంటుంది, మా అక్క ఇంటి హాల్లో టీవీకి తగిలిస్తాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలు. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరిది. వంతు వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని, సైన్యాన్ని కదిపి, కోటలు కట్టుకుని లేస్తారు. ఉన్నది ఒక్క తెరే కాబట్టి మిగతావాళ్లు చూడకూడదు. అందుకని మేమంతా గోడవైపు తిరిగి కూర్చుంటాం. ఒకసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన, నలుగురు పెద్దవాళ్లు వరసగా గోడకేసి మొహాలు పెట్టి కూర్చోవడం చూసి, వీళ్లు ఏ పాపం చేశారో అనుకున్నాడు కాబోలు, మీటరు చూడకుండానే మెట్లు దిగిపోయాడు.

ఆడేవాళ్లం ఐదుగురం. నాది మందుల షాపు. ఆటలో ఉత్తర సామ్రాజ్యం కూడా నాదే. నాకు దయాదాక్షిణ్యాలు లేవని పేరు, ఆ పేరు చెడగొట్టుకోకుండా ఆడతాను. మా అక్క బట్టలు కుడుతుంది, ఆటలో ఓడలన్నీ ఆవిడవి. ఎదురింటి ప్లీడరుగారిది పడమటి రాజ్యం. ఆయన యుద్ధాలు చేసేది తక్కువ, యుద్ధ నియమాల మీద వాదించేది ఎక్కువ. తూర్పు సామ్రాజ్యం మా చిన్నాన్నది. బావ ఎక్కడో ఒక మూల ఉంటాడు. ఏ మూలన్నది ఆటకొక రకం.

ఈ ఆటలో పక్క రాజుకి కబురు రాయొచ్చు. ఆ రాజు కుర్చీలో కూర్చోగానే తెర మీద కనబడుతుంది. నేను కూర్చోవడం ఆలస్యం, బావ కబురు సిద్ధంగా ఉంటుంది. "మహారాణీ వారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. తమరు తగలబెట్టిన పొరుగు పట్టణపు పొగ మా కొండ మీదికి చాలా అందంగా కనబడింది. కానుకగా రెండు మేకలు పంపుతున్నాం. నల్లది పొడుస్తుంది, జాగ్రత్త."

ఇంత మర్యాద చేసేవాడి మీద దండెత్తడానికి చేతులు రావు. అదే ఆయన కోట.

ఇంకొకరి దేశం గుండా సైన్యం నడవాలంటే ఆ రాజు దారి ఇవ్వాలి. బావని దారి అడిగి లేదనిపించుకున్నవాళ్లు లేరు. ఒకసారి ప్లీడరుగారి మీదికి వెళ్లే నా సైన్యమూ, నా మీదికి వచ్చే ప్లీడరుగారి సైన్యమూ బావ ఊరి నడివీధిలోనే ఎదురుపడ్డాయి. 

"బావా, బుద్ధుందా? ఇద్దరికీ ఇచ్చావా దారి?" అన్నాను గోడకేసి చూస్తూనే.

"ఇద్దరూ మా చుట్టాలే మహారాణీ. కొట్టుకోవాలంటే మా పొలిమేర దాటాక కొట్టుకోండి. పంట తొక్కకండి చాలు."

ఈ పిచ్చి ఆటతో ఆగితే బాగుండును. బావ పని కారు నడపడం నేర్పడం. రెండు బ్రేకులున్న చిన్న కారులో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకు కూర్చుని పాఠం చెబుతాడు.

"ఎదురుగా వచ్చేదేమిటి?"

"లారీ అండీ."

"లారీ అంటే సామ్రాజ్యం. మనం ఎవరం?"

"చిన్న దేశమండీ."

"మరేం చేస్తాం?"

"దారిస్తామండీ."

"బస్సు వస్తే?"

"దానికీ ఇస్తామండీ."

"సైకిలు?"

నేర్చుకునేవాడు కాస్త ఆలోచించాడట. "అది మనకన్నా చిన్న దేశం కదండీ?"

"అందుకే ముందు దానికివ్వాలి" అన్నాడట బావ.

మా ఊళ్లో నాలుగు రోడ్ల కూడలిలో, అందరూ వెళ్లిపోయాక కూడా ఇంకెవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తూ ఏ కారైనా నిలబడి ఉంటే, ఆ నడిపే మనిషి మా బావ శిష్యుడే. వాళ్లు ఆఫీసులకి ఆలస్యంగా వెళతారు గానీ ఆసుపత్రికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

ఇంట్లోనూ ఇదే రాజనీతి. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏవండీ, మీతో ఓ మాట చెప్పాలి" అంటే చాలు, "మీ షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నాం" అంటాడు.

"నేనింకా షరతులు చెప్పలేదుగా."

"అవి కూడా ఒప్పుకున్నాం."

ఇలాంటి మనిషితో సంసారం గాలితో కుస్తీ పట్టడమేనని అక్క విసుక్కునేది. విసుక్కుంటూనే నవ్వేది.

ఇక చిన్నాన్న సంగతి. ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. మా ఊళ్లో ఎవరింటి గోడ మీద పటం నవ్వుతున్నా అది ఆయన నవ్వించిన నవ్వే. జేబుకొక కెమెరా వచ్చాక స్టూడియోకి మనుషులు రావడం మానేశారు, ఆయన తలుపులు మూసేశాడు. అంతవరకూ వస మింగినట్టు మాట్లాడిన మనిషి, ఆ తర్వాత అవుననీ కాదనీ తప్ప నోరు విప్పడం మానేశాడు. పిన్ని పోరు పడలేక ఆదివారాలు ఆటకొచ్చేవాడు. వచ్చినా ఏం లాభం, ప్రతిసారీ ముందు ఓడేది ఆయనే. ముందు ఓడినవాళ్లు ఆట ముగిసేదాకా వారం వారం వంటింట్లో గిన్నెలు కడగాలన్నది మా నియమం. ఒక్కో ఆట నెలా రెండు నెలలు సాగుతుంది. చిన్నాన్న ఒక్క మాట అనకుండా చొక్కా చేతులు పైకి మడుచుకుని వెళ్లి కడిగేవాడు. పూర్వం చిన్నాన్నయితే ఆ నియమం మీద గంటసేపు దెబ్బలాడి ఉండేవాడు. ఆయన అలా మాట్లాడకుండా కడుగుతుంటే మాకు ప్రాణం ఉసూరుమనేది.

ఆ మధ్య కొత్త ఆట మొదలెట్టేటప్పుడు ఆయన నాతో అన్నాడు: "ఈసారీ నేనే ముందు పోతే ఇంక రానమ్మా. దుకాణం ఒకసారి మూసుకున్నాను, చాలు. ఆదివారం ఆదివారం మూసుకోలేను."

సాయంత్రం పిన్ని అక్కకి ఫోను చేసింది. "ఆదివారం ఒక్కరోజే ఆ మనిషి చొక్కా మార్చుకునేది. అదీ మానేస్తే నేనేం చెయ్యనే?"

అక్క నన్ను పక్కకి లాగింది. "కాస్త చూసుకుని ఆడవే."

"జాలిపడి వదిలేస్తే ఆయన కనిపెట్టడా? బతుకంతా మొహాలు చూసినాయన. మనం కావాలని ఓడామని తెలిస్తే ఇంక ఈ గడప తొక్కడు."

నిజమే మరి. ఓడితే రాడు, ఊరికే గెలిపిస్తే అసలు రాడు. నాకు మాత్రం జాలిగా ఆడటం చేతకాదు. పైగా ఈసారి నాలుగు ఆదివారాలు తిరక్కుండానే తూర్పు దేశం పరిస్థితి అధ్వాన్నమైంది. కరువొచ్చింది, రెండు పట్టణాలు తిరగబడ్డాయి, రాజధానిలో సైనికులకన్నా కాకులు ఎక్కువ ఉన్నాయి. నాకూ ఆ రాజధానికీ మధ్య ఉన్నది ఒక్కటే: కొండల మధ్య కనుమ, ఆ కనుమలో బావగారి బుల్లి దేశం.

దారి ఇవ్వమని కబురు పెట్టాను. మళ్లీ నా వంతుకి జవాబు సిద్ధంగా ఉంది. "మా కనుమ తమదే. మేకల్ని పక్కకి తోలించాం."

బావ కాదనడని నాకు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత నమ్మకం. కోటల్లో కాపలావాళ్లని కూడా వదలకుండా గుర్రాలు, బండరాళ్లు విసిరే యంత్రాలు, మొత్తం సైన్యాన్ని కనుమలోకి నడిపించాను. వచ్చే వంతులో తూర్పు రాజధాని నాది. లేచి గోడవైపు తిరిగి కూర్చున్నాను. పక్కనే చిన్నాన్న. ఆయనకీ సంగతి అర్థమైనట్టుంది, లేచి వంటింట్లోకి వెళ్లేవాడిలాగా చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.

బావ వంతు. మామూలుగా ఆ మేకల లెక్క చూసుకోవడానికే బోలెడు సేపు పడుతుంది. ఆరోజు ఒక్కసారి టక్కుమని చప్పుడైంది. కుర్చీలోంచి లేచేశాడు. తర్వాత మిగతావాళ్ల వంతులు అయ్యాయి, నాది వచ్చింది. కూర్చోగానే కబురు: 

"మహారాణీ వారికి మనవి. మరమ్మతుల నిమిత్తం మా కనుమ మూసివేయబడినది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

కనుమలో చూశాను. ఒక్క గుర్రం లేదు. పటమంతా వెతికితే, నా సైన్యం మొత్తం పడమటి పక్కన ఎవరిదీ కాని ఉప్పు ఎడారిలో నిలబడి ఉంది. ఇచ్చిన దారి వెనక్కి తీసుకుంటే, లోపలున్న పరాయి సైన్యాన్ని దగ్గర్లో ఎవరిదీ కాని నేల మీదికి నెట్టెయ్యడం ఆటలో పద్ధతి. ఆ ఎడారిలో నీళ్లు లేవు, తిండి లేదు. వంతు వంతుకీ సగం మంది రాలిపోతారు.

"ప్లీడరుగారూ, ఇది చెల్లుతుందా?" అన్నాను.

"చెల్లుతుందమ్మా" అన్నారాయన గోడతో. "ఇచ్చినవాడికి వెనక్కి తీసుకునే హక్కుంది. ఆ నియమం నాకు తెలుసు. మీ బావకి తెలుసని మాత్రం తెలియదు."

"బావా, ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎవరినైనా కాదన్నావా?"

"లేదు మహారాణీ. చిన్న దేశం కదా, మా ఖజానాలో ఉన్నది ఒకే ఒక్క 'కాదు'. పొదుపుగా దాచుకున్నాం. ఇవాళ ఖర్చయిపోయింది."

నాకు ఒళ్లు మండిపోయింది. గోడవైపు తిరిగి కూర్చుంటే ఆ గోడా నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది.

మళ్లీ చిన్నాన్న వంతు వచ్చింది. కుర్చీ కిర్రుమంటోంది గానీ మీటల చప్పుడు లేదు. చాలాసేపటికి, "అమ్మాయ్, నీ కోటల్లో ఎవరూ లేనట్టున్నారే?" అన్నాడు.

"ఉన్నారు చిన్నాన్నా. లోపల పడుకున్నారు."

"అబద్ధం. నీ వీపు చూస్తేనే తెలుస్తోంది."

అంతే, మీటలు టకటకలాడాయి. ఉన్న కాస్త సైన్యాన్నీ పోగేసి, దారి ఇవ్వమని బావకి కబురు పెట్టాడు. "మావయ్యగారూ, మరమ్మతులు ఇప్పుడే పూర్తయ్యాయి" అని మరుసటి వంతుకి జవాబు. తూర్పు సైన్యం కనుమ దాటి నా మీదికి దిగింది. ఈ సందట్లో నా రేవు పట్టణంలో అక్క ఓడలు లంగరు వేశాయి.

"అక్కా, నువ్వు కూడానా?"

"ఊరికే ఖాళీగా ఉంది కదా అని."

ఆ సాయంత్రానికి నా రాజధాని మీద చిన్నాన్న జెండా ఎగిరింది. అందరికన్నా ముందు ఓడింది నేను. ఎవరూ జాలిపడలేదు, ఎవరూ వదిలెయ్యలేదు. చిన్నాన్న నికార్సుగా గెలిచాడు. కుర్చీలోంచి లేచి, జేబులోంచి ఫోను తీసి, నా ఎదురుగా నిలబడ్డాడు. "గడ్డం కాస్త పైకెత్తు. భుజాలు వదులు చెయ్యి. రాజ్యం పోతే పోయింది, మొహం కళగా ఉండాలి." అది స్టూడియో గొంతు. తలుపులు మూసినప్పటినుంచీ మేమెవరం వినని గొంతు. నేను ఏడుపు మొహంతో నిలబడితే ఆయన పడీపడీ నవ్వుతూ ఫొటో తీశాడు. అక్క గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకు పట్టరాని సంతోషమూ, పట్టరాని కోపమూ ఒకేసారి వచ్చాయి.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే అక్క ఇంకో పళ్లెం తెచ్చి పడేసింది. 

"మీ బావ ఏ దేశం తీసుకుంటారో ఎప్పుడైనా గమనించావా?"

"చూడక్కర్లేదు. అన్నిటికన్నా చిన్నది."

"చిన్న దేశాలు ఆ పటంలో బోలెడున్నాయే. ఏ చిన్నది?"

సబ్బు చేతులతో ఆలోచించాను. ఈ ఆటలో చిన్నాన్న పక్కది. పోయినసారీ చిన్నాన్న పక్కదే. అంతకుముందు, ప్లీడరుగారు కొత్తగా చేరినప్పుడు ఆయన పక్కది. 

"మరి నువ్వు నేర్చుకునేటప్పుడు?" అంది అక్క.

నేను నేర్చుకునేటప్పుడు నాకు దక్షిణాన బావదే ఒక బుల్లి దేశం ఉండేది. ఊరికే ధాన్యం పంపేది, దొంగలు వస్తున్నారని ముందే కబురు పెట్టేది. మంచి వెర్రిబాగులవాడు దొరికాడనుకుని పొంగిపోయాను. నా తెలివితేటలతోనే నిలబడ్డానని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుంటున్నాను.

ఇంతలో బావే తల వంచుకుని వంటింట్లోకి వచ్చాడు, మంచినీళ్లకి.

"నిజమేనా బావా?"

"ఏమిటి? అబ్బే, అదేం లేదు. చిన్న దేశమైతే తక్కువ మీటలు నొక్కాలి. నా వేళ్లు లావు కదా." నీళ్లు తాగి, నా పక్కన నిలబడి, కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ ఆట ముగిసి కొత్తది మొదలైన ఆదివారం, చిన్నాన్న అందరికన్నా ముందే వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. పై వాటాలో కొత్తగా దిగిన ఆసుపత్రి నర్సమ్మ కూడా చేరింది. ఆ పిల్లకి ఆట రాదు. రంగు బాగుందని దక్షిణ రాజ్యం తీసుకుని కుర్చీ అంచున భయం భయంగా కూర్చుంది. బావ కళ్లద్దాలు సర్దుకుని, పటానికి ముక్కు ఆనించి, దక్షిణాన ఆ పిల్ల పొలిమేరలో ఉన్న చుక్కంత దేశం మీద వేలు పెట్టబోయాడు. అక్కడ అప్పటికే ఒక వేలు ఉంది.

"ఇది నాది అల్లుడుగారూ" అన్నాడు చిన్నాన్న.

"మావయ్యగారూ, మీకలవాటు లేని పని. చిన్న దేశమంటే చాకిరీ ఎక్కువ."

"ఫరవాలేదు, నేర్చుకుంటాను. మీరు తూర్పు తీసుకోండి. గాలీ వెలుతురూ బాగుంటాయి."

"అంత దేశం నేనేం చేసుకోను?"

"అదంతా నాకు తెలియదు. ముందు వేలు పెట్టింది నేను. ప్లీడరుగారూ, మీరు చెప్పండి."

ప్లీడరుగారు గొంతు సవరించుకుని వాదం మొదలుపెట్టారు. అటు బావ, ఇటు చిన్నాన్న, ఎవరూ వేలు తియ్యడం లేదు. నర్సమ్మ బిక్కమొహం వేసుకుని నా చెవిలో గుసగుసగా అడిగింది.

"ఈ ఆటలో అందరూ ఇంతేనా అక్కా? చిన్నదాని కోసం ఇలా కొట్టుకుంటారా?"

"బాగా ఆడేవాళ్లంతా ఇంతే" అన్నాను.