ఖురంలో క్యూబా వారం

మొన్న మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి విందుకు తణుకు వెళ్ళాను. ప్రార్థన అయ్యి, కేకు కోశాక, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ రంగుల దీపాల కింద చేతులు పట్టుకుని నాట్యం మొదలుపెట్టారు. ముందు వరసలో కూర్చున్న పాస్టరుగారు కుర్చీ చేతిమీద వేళ్ళతో తాళం వేస్తూ చూస్తున్నారు. మన చిన్నతనంలో అయితే ఆ వేదిక మీద అడుగు కదిపినవాళ్ళకు మరుసటి ఆదివారం ప్రసంగంలో తప్పకుండా ఒక భాగం దక్కేది. నా పక్కన కూర్చున్న మా వియ్యపురాలు నా చెవిలో, "హనీమూనుకి క్యూబా వెళ్తున్నారంటండీ. పొద్దున్నే డాన్సు నేర్పుతారంట, సాయంత్రం ఊరు చూపిస్తారంట. డాన్సు నేర్చుకోడానికి అంత దూరం పోవాలా, చోద్యం కాకపోతే!" అంది. నేను అవునన్నట్టు తల ఊపాను. అలాంటి సెలవు ఒకటి నేనూ గడిపానని, అదీ మా ఆయనతో గడిపానని, ఆవిడకి ఆ బిర్యానీ ముందు కూర్చుని ఎలా చెప్పను?

ఎనభైల చివర నేను నర్సుగా మస్కట్ వెళ్ళాను. నా ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సెలవునాడు టెలిఫోను బూతు ముందు వరసలో నిలబడి, మన వంతు వచ్చేసరికి చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి, "అందరూ బాగున్నారా, వానలు పడ్డాయా" అని అడిగేసి గదికి తిరిగి రావడమే మనకు తెలిసిన సంసారం. సెలవుమీద ఇంటికి వెళ్ళినప్పుడు నాకు పెళ్ళి చేశారు. ఆయన తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు, చర్చిలో పాటలకు డోలక్ వాయించే మనిషి, నెమ్మదస్తుడు. పెళ్ళయి కొన్ని సంవత్సరాలు గడిచినా మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది నా సెలవు రోజులు మాత్రమే. ఆయన టీలో చక్కెర ఎంత వేసుకుంటారో కూడా వెళ్ళినప్పుడల్లా కొత్తగా అడిగేదాన్ని.

అలాంటి ఒక సెలవు నుంచి తిరిగి వచ్చాక నేను గర్భవతినని తెలిసింది. ఐదో నెలలో, నేను పనిచేసే ఆసుపత్రిలోనే, బిడ్డను పోగొట్టుకున్నాను. మా వార్డులో కాకినాడ నుంచి వచ్చిన పెద్ద నర్సు ఒకావిడ ఉండేది, మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం. అన్నీ ఆవిడే దగ్గరుండి చూసింది. నాలుగు రోజుల తరవాత ఆయనతో ఫోనులో మాట్లాడాను. ఒంట్లో ఎలా ఉంది, డాక్టరు ఏమన్నాడు, మందులు వేసుకుంటున్నావా అని అడిగారు. లైను తెగిపోయింది. ఆ తరవాత మాట్లాడిన ప్రతిసారీ ఇంటి పెంకులు మార్పించడం గురించీ, బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గురించీ చెప్పేవారు తప్ప, ఆ బిడ్డ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఎదురుచూసి ఎదురుచూసి, ఈయనకు ఆ బిడ్డ ఎవరో పరాయివాళ్ళ బిడ్డ అని నిశ్చయానికి వచ్చేశాను.

మరుసటి చలికాలం ఆయన దీర్ఘ సెలవు పెట్టి, విజిట్ వీసా మీద మస్కట్ వచ్చారు. మా హాస్టల్లో మగవాళ్ళను ఉండనివ్వరు. ఆ అక్క వాళ్ళ కుటుంబం సెలవుకు ఇండియా వెళ్తూ మస్కట్‌లోనే ఖురం అనే పేటలో ఉన్న తమ ఇంటి తాళాలు మాకిచ్చి వెళ్ళారు. ఆయన తిరిగి వెళ్ళేలోపు ఒక మాట అడగాలని నేను మనసులో గట్టిగా అనుకున్నాను: ఇలా పేరుకు భార్యాభర్తలుగా ఉండేకంటే ఎవరి బతుకు వాళ్ళం బతుకుదాం, నన్ను వదిలెయ్యండి అని. ఆ రోజుల్లో, మా సంఘంలో, ఒక ఆడది నోరు విప్పి అడగగలిగిన మాట కాదది. పొద్దున లేచి ఇడ్లీ పెట్టడం, ఆయన పేపరు చదవడం, నేను కిటికీలోంచి కొండలు చూడడం. ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

అప్పుడే ఆ క్యూబా టీచరమ్మ తారసపడింది. నేనింకా సెలవు పెట్టక, డ్యూటీకి వెళ్తున్న రోజుల్లో, మోకాలు వాచి మా అవుట్‌పేషెంటుకు వచ్చింది. యాభై దాటిన భారీ మనిషి, నవ్వితే గదంతా నవ్వినట్టుండేది. ఆమె, ఆమె భర్త సముద్రపొడ్డునున్న ఒక హోటల్లో వారం రోజుల ప్రత్యేక సెలవు నడపడానికి వచ్చారు. యూరప్ నుంచి వచ్చిన జంటలకు పొద్దున సాల్సా అనే తమ దేశపు జంట నాట్యం నేర్పడం, మధ్యాహ్నం బస్సులో ఊళ్ళు చూపించడం, సాయంత్రం క్యూబా వంటలూ కబుర్లూ. కట్టు కట్టినందుకు కృతజ్ఞతో, ఒక జంట రాకుండా ఆగిపోయిందన్న కారణమో, నా చెయ్యి పట్టుకుని వచ్చీరాని ఇంగ్లీషులో, నువ్వూ నీ భర్తా తప్పకుండా రావాలి, హోటల్ వాళ్ళతో నేను మాట్లాడతాను అంది.

ఇంటికి వచ్చి నవ్వులాటకన్నట్టే చెప్పాను. ఈయన కాదంటారని నాకు తెలుసు. ఆయన పేపరు మడిచి, "వెళ్దాం" అన్నారు. నేను చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మొదటి రోజు నేను చీర కట్టుకుని వెళ్ళి కుచ్చిళ్ళు తొక్కుకున్నాను, మర్నాటి నుంచి అక్క బీరువాలోని చుడీదారే గతి అయింది. ఈయన చొక్కా టక్కు చేసుకుని, బడి అసెంబ్లీలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు. ఆ సంగీతంలో ఎనిమిది దెబ్బలకు లెక్క, అందులో నాలుగో దెబ్బా ఎనిమిదో దెబ్బా అడుగు వెయ్యకుండా వదిలెయ్యాలి. మా మాస్టారికి అది మింగుడు పడలేదు. లెక్కలో ఉన్న అంకెను ఎలా వదిలేస్తారని నన్ను తెలుగులో అడిగితే, నాకు ఎన్నో నెలల తరవాత నవ్వు వచ్చింది. డోలక్ వాయించిన చేతికి తాళం వెంటనే పట్టుబడింది కానీ కాళ్ళు మాట వినేవి కావు. నా కాలివేళ్ళు ఆ వారమంతా కమిలే ఉన్నాయి. ఆయన అస్తమానం కిందికే చూస్తున్నారని టీచరమ్మ వచ్చి గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "నేల కాదు, నేల కాదు. నీ భార్య నేల మీద లేదు" అంది. అందరూ నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేనూ పక్కకు తిరిగాను; మా ఇద్దరికీ పట్టపగలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అలవాటు లేదు మరి.

సాయంత్రాలు టీచరమ్మ భర్త గోడమీద స్లైడ్లు వేసి తమ ఊరు చూపించేవాడు. సముద్రపుటొడ్డున పొడవాటి గోడ, రంగు వెలిసిన మేడలు, పెద్ద పెద్ద పాత కార్లు. ఒకసారి చెరకు తోట బొమ్మ వచ్చింది. అతని తండ్రి చెరకు కొట్టే కూలీ అట. మా ఆయన కుర్చీలోంచి లేచి దగ్గరికి వెళ్ళి చూశారు. ఆ ముసలాయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఈయనకు స్పానిష్ అసలే రాదు, అయినా గానుగ ఎలా తిరుగుతుందో, బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఇద్దరూ చేతులతో చెప్పుకుంటూ భోజనాల వేళ దాకా అక్కడే ఉండిపోయారు. నల్లటి గింజలు వేసి వండిన అన్నం పెడితే, "మన బొబ్బర్లన్నమే. కాస్త కారం ఉంటేనా!" అని ఈయన రెండోసారి పెట్టించుకున్నారు. పరాయివాళ్ళ మధ్య ఈ మనిషి ఇంత హాయిగా ఉంటారని నాకు తెలియదు. తెలిసినకొద్దీ నాకు కోపం కూడా వచ్చేది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ చెరకు తోట మీద ఉన్న ఆపేక్ష, నా కడుపున పుట్టిన దాని మీద ఏమైపోయిందని.

బస్సు నడిపేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన డ్రైవరు. మమ్మల్ని చూడగానే అతని ప్రాణం లేచి వచ్చినట్టయింది. రుస్తాఖ్ కోటకు వెళ్ళిన రోజున, కోట నీడలో పాట పెట్టి అందరూ అడుగులు వేస్తుంటే, బస్సు మెట్టు మీద కూర్చుని, "మా దిక్కు బతుకమ్మ ఆడుడు ఆడోళ్ల పని సారూ. గీడ మొగోళ్లు గూడ ఆడుతుండ్రు. గిసుంటి డ్యూటీ నేను ఎన్నడు చెయ్యలే" అన్నాడు. అక్కడి వేడినీళ్ళ ఊటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఈ వారం ముగియగానే ఆ మాట అడిగేయాలని నేను మరోసారి గట్టిగా అనుకున్నాను.

తరవాతి ప్రయాణం ఖురియాత్ అనే జాలర్ల ఊరికి. అప్పటి దారి కొండల మీదుగా మెలికలు తిరుగుతూ పోయేది. ఒడ్డున పడవలు లాగి పెట్టి ఉన్నాయి, జాలర్లు చేపలు ఏరుతున్నారు. ఇసుకలో చాపలు పరిచి, కాల్చిన చేపలూ రొట్టెలూ పెట్టుకుని అందరం గుండ్రంగా కూర్చున్నాం. టీచరమ్మ ఒక్కో జంటనూ వేళ్ళు లెక్కపెట్టి చూపిస్తూ పిల్లలెంతమంది అని అడుగుతూ వచ్చింది. ఇద్దరు, ముగ్గురు, ఒకరు అంటూ అందరూ చెబుతున్నారు. మా దగ్గరికి వచ్చింది. నేను తల దించుకుని, లేరు అని చెప్పడానికి నోరు తెరిచాను.

"వన్. ఒన్లీ డాటర్," అన్నారు ఆయన, నా కంటే ముందు. ఆ వెంటనే, "షీ ఈజ్ విత్ గాడ్," అన్నారు.

నా చేతిలోని రొట్టె జారి ఇసుకలో పడింది. ఆడపిల్ల అని నేను ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ పళ్ళెం కింద పెట్టి, ఆ నొప్పి మోకాలితోనే ఇసుకలో వంగి, ఆయన చెంప మీద అరచెయ్యి పెట్టింది. ఆయన కళ్ళు తుడుచుకోలేదు, తల దించుకోలేదు.

ఇద్దరం లేచి పడవల వెనక్కి వెళ్ళాం.

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మీ వార్డు అక్కగారికి ఫోను చేశాను. నీకు చెప్పొద్దన్నాను. నీ అంతట నువ్వు చెబుతావని చూశాను."

"మీరు అడుగుతారని నేను చూశాను."

"అడిగితే నీ గాయం కెలికినట్టవుతుందేమోనని..." అన్నారు. కబురు తెలియగానే నా దగ్గరికి రావాలని పాస్‌పోర్టు కోసం హైదరాబాదు వెళ్ళి, పని కాక, ఆఫీసు బయట అరుగు మీద కూర్చుని ఏడ్చానని చెప్పారు. పాస్టరుగారిని బతిమాలి ఇంట్లో ప్రార్థన పెట్టించానని చెప్పారు. "పేరు లేకుండా ఎలా ప్రార్థించమంటారు మాస్టారూ అన్నారాయన. అందుకని నేనే ఒక పేరు పెట్టాను. నీకు నచ్చకపోతే మార్చుదాం."

మార్చుదాం అట. బారసాల ఇంకా కావలసి ఉన్న బిడ్డకులాగ. ఆ పేరు ఏమిటో చెప్పమన్నాను. చెప్పారు. ఎంత బాగుందో! మార్చొద్దన్నాను. అప్పటికి గానీ నాకు ఏడుపు రాలేదు. వస్తే ఇక ఆగలేదు. డ్రైవరు ఎప్పుడు వచ్చాడో, ఫ్లాస్కు పట్టుకుని మొహం పక్కకు తిప్పి నిలబడి, "చాయ్ తాగుండ్రి సిస్టర్. సారుకు గూడ ఇయ్యుండ్రి. ఊకోండ్రి, ఊకోండ్రి" అంటున్నాడు. అలా అంటూ తనూ ముక్కు ఎగబీల్చాడు.

ఆఖరు రోజు సాయంత్రం హోటల్ హాల్లో నేర్చుకున్నవాళ్ళంతా నాట్యం చేశారు. మేమూ చేశాం. చూసేవాళ్ళకు అది ఏమంత బాగుండి ఉండదు. రెండుసార్లు తప్పటడుగు వేసి నవ్వుకున్నాం. కానీ ఆయన కిందికి చూడలేదు. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని నేను ఆ రోజే చూశాను. టీచరమ్మ దంపతులు వెళ్ళేటప్పుడు మా ఇద్దరినీ కలిపి కౌగిలించుకుని వెళ్ళారు. వాళ్ళ కబురు మళ్ళీ తెలియలేదు.

నేను అడగాలనుకున్న మాట అడగలేదు. అలా అడగాలనుకున్నానని ఆయనకు చాలా ఏళ్ళ తరవాత చెబితే, "అడిగి ఉంటే సరే అనేసేవాణ్ణేమో, నీకెదురు చెప్పడం నాకు చేతనవదుగా" అన్నారు. కాంట్రాక్టు ముగిశాక ఊరికి వచ్చేశాను. ఒక అబ్బాయి, తరవాత ఒక అమ్మాయి. సంఘంలో ఎవరికీ మా క్యూబా వారం సంగతి చెప్పలేదు. చెబితే ఆయన చేతిలో డోలక్ ఉండనిచ్చేవారు కాదు.

ఇప్పుడు ఖురియాత్‌కు పెద్ద రోడ్డు పడిందట, మలుపులు లేవట, గంటలో చేరుతున్నారట. మా మేనకోడలు ఇప్పుడు మస్కట్‌లోనే నర్సు, భర్త ఏలూరులో ఉంటాడు. నేను ఏలూరులో అతని పక్కనే ఉండగా, స్కానింగు గదిలోంచే అతనికి వీడియో ఫోను చేసి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఒకే క్షణంలో నవ్వారు, ఒకే క్షణంలో కంటతడి పెట్టారు. అది చూసి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మాకైతే ఒక్క దుఃఖాన్ని ఇద్దరం కలిసి ఏడవడానికి ఏడాది పైన పట్టింది, ఆయన సముద్రం దాటి రావలసి వచ్చింది, ఎవరో దారినపోయే మనిషి అడగవలసి వచ్చింది. ఈ పిల్లలు అంత ఆలస్యం ఎరగరు, ఎరగకూడదు కూడా.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఏటా ఆ బిడ్డ పోయిన రోజున మేమిద్దరం ఆ పేరు పలికి ప్రార్థన చేసుకునేవాళ్ళం. పిల్లలు దగ్గరుంటే గొంతు తగ్గించి పలికేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు, గొంతు తగ్గించే అవసరమూ లేదు, అయినా నెమ్మదిగానే పలుకుతాను. పలికాక, ఆమేన్ అనే రెండో గొంతు కోసం కాసేపు ఆగుతాను.