సీసా మీది మొహం

గెంట్ నగరంలో బీరు సీసాలకు లేబుళ్లు గీసే ఎల్‌స్కె, కోపమొస్తే పెన్సిళ్లు చెక్కుతుంది. ఆ వేసవంతా ఆమె బల్లకింద చెక్కుపొట్టు కుప్పపడింది. "కుర్రకారు కొనాలి, అక్షరాలు పడుచుగా ఉండాలి," అంటాడు బీరు కంపెనీ యజమాని యోస్ట్. తీరా గీస్తే, పాత లేబులు మధ్యలో ఉన్న వాళ్లమ్మ బొమ్మ మాత్రం కదపొద్దంటాడు, ఆవిడ నొచ్చుకుంటుందట! పద్దెనిమిదో నమూనా కూడా తిరిగొచ్చేసరికి ఓపిక నశించి, ఎల్‌స్కె తిన్నగా ఆ ముసలావిడ ఇంటికే వెళ్లి అడిగేసింది.

"తీసి పారెయ్యి తల్లీ!" అంది ఓడిల్. "యాభై ఏళ్లుగా ఊళ్లో ప్రతి తాగుబోతూ నా ముక్కుమీద బొటనవేలు పెట్టేవాడే. మావాడు నొచ్చుకుంటాడని ఊరుకున్నాను."

"ఆ మాటేదో ఆయనతో అనొచ్చుగా అమ్మా!"

"అయ్యో, నేనన్నానని వాడికి చెప్పకు," అంటూ ముసలావిడ చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. మర్నాడు పొద్దున్నే తల్లినీ కొడుకునీ కలిపి తిట్టుకుంటూ, ఎల్‌స్కె పంతొమ్మిదో నమూనాకు కూర్చుంది.