కళ్లు పెట్టిన చెయ్యి

మేం తీసిన సినిమా పేరు చెప్పను. చెప్పినా మీరు చూసి ఉండరు. యూట్యూబ్‌లో పెట్టి మూడేళ్లయింది, ఇప్పటికీ వెయ్యి మంది చూడలేదు. చూసినవాళ్లు కూడా కింద నవ్వే బొమ్మలు పెట్టి పోయారు. మతి చెదిరిన ఒక పిల్ల, ఆ పిల్లను పట్టుకునే ముగ్గురు రాక్షసులు, ఒక పాడుబడ్డ దొరల గడి. అంతే కథ. కెమెరా నాది. కోరుట్లలో పెళ్లి వీడియోలు తీసుకునే యాదగిరిని సినిమా కెమెరామన్ అన్నారని పొంగిపోయాను. నా మొహానికి అదొక్కటే తక్కువైంది!

ఆ రాక్షసులను చేసింది పోశం. వాళ్లకు గుంటెడు భూమి కూడా లేదు. తల్లి అంజవ్వ పసుపు చేలల్లో కూలికి పోయేది. పదమూడేళ్లకే వినాయకుడి విగ్రహాల షెడ్డులో పీవోపీ బస్తాలు మోయడానికి చేరాడు. మోస్తూ మోస్తూనే అచ్చు పోయడం, తొండం అతకడం, రంగు కొట్టడం అన్నీ చూసి నేర్చుకున్నాడు. నలభై ఏళ్లకు జగిత్యాల రోడ్డు మీద సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు.

విగ్రహానికి కళ్లు చిట్టచివర పెట్టడం అతని పద్ధతి. యూత్ పిల్లలు ట్రాక్టర్ తెచ్చి, కొబ్బరికాయ కొట్టాకే సన్న కుంచె పట్టేవాడు. అప్పటిదాకా మొహాలు నున్నగా, తెల్లగా ఉండేవి.

"కండ్లు వెడితే పానం అచ్చినట్టే అన్నా. పానం ఉన్నదాన్ని షెడ్ల నిలవెట్టద్దు" అనేవాడు.

అతని బిడ్డ సింధూజ. అప్పటికి తొమ్మిదేళ్లు. మాట రాలేదు. ఎవరైనా కళ్లలోకి చూస్తే చాలు, చెవులు మూసుకుని గోడకు తల బాదుకునేది. బడివాళ్లు తీసుకుపొమ్మన్నారు. వేములవాడ గుడిలో నిద్ర చేయించారు, తాయెత్తులు కట్టించారు. బీడీలు చుట్టే తల్లి విజయ ఒక చేత్తో ఆకు, ఒక చేత్తో పిల్లను పట్టుకుని బతికింది. కానీ షెడ్డులోకి వస్తే ఆ పిల్ల వేరే. కళ్లు లేని వినాయకుల మధ్య కూర్చుని, వాటి బొజ్జలు నిమురుతూ పొద్దంతా చల్లగా ఉండేది. పోశానికి కోరిక ఒక్కటే. ఆ పిల్ల ఒక్కసారి తనను "బాపు" అని పిలవాలి.

రాక్షసుల బొమ్మలు కావాలని మా డైరెక్టర్ అర్జున్ రావు నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. కోనరావుపేట దిక్కు పాత దొరల ఇంటి పిల్లగాడు, సినిమా పిచ్చోడు. పిల్లను చూసి కదలకుండా నిలబడిపోయాడు.

"పోశం, నీ బిడ్డకు యాక్టింగ్ నేర్పుడే అక్కర్లేదు. నా సినిమాల పెట్టు. అయిపోంగనే హైదరాబాద్‌ల నాకు తెల్సిన డాక్టర్ తాన చూపిస్త. మాట రప్పిస్తడు."

పోశం నా మొహం చూశాడు.

"ఒప్పుకో తమ్మీ, గిసోంటి చాన్స్ మల్ల రాదు" అన్నాను. ఛీ! ఆ పూట నా నోరు పడిపోయినా బాగుండేది.

గడిలో షూటింగ్. ముగ్గురు రాక్షసులూ కోరలతో నిలువెత్తున నిలబడ్డారు, కళ్లు మాత్రం లేవు.

"గీటికి కండ్లు వెట్ట సారూ. మంచిది కాదు" అన్నాడు పోశం. సర్లే, కళ్ల చోట బల్బులు పెడదాం అనుకున్నారు. సింధూజ నేరుగా వెళ్లి పెద్ద రాక్షసుడి పొట్టకు తల ఆనించి కూర్చుంది. నవ్వింది కూడా! భయపడాల్సిన పిల్ల నవ్వితే హారర్ సినిమా ఎట్లా నడుస్తుంది? బల్బులు వెలిగించినా లెక్కచేయలేదు. రెండు రోజులు వృథా. మూడో రోజు మధ్యాహ్నం అర్జున్ రావుకు ఓపిక పోయింది.

"కండ్లు వెట్టు. పిల్ల ముంగటనే వెట్టు."

"వద్దు సారూ, బెదురుతది."

"బెదరాలనే గదా! డాక్టర్ కావాల్నా, వద్దా?"

పోశం బల్బులు ఊడదీసి కుంచె తీశాడు. ఎర్రటి గుడ్డు, నల్లటి పాప. ఒక కన్ను పెట్టాడు. రెండోది పెడుతుంటే సింధూజ తల ఎత్తింది. నా కెమెరా ఆ పిల్ల మొహం మీదే ఉంది.

అరిచింది. ఆ అరుపులో ఒక మాట ఉంది.

"బాపూ!"

కాపాడమని పిలిచిందో, చేసింది నువ్వా అని పిలిచిందో నాకు తెలియదు. పోశం ఉరికి వెళ్లి ఎత్తుకోబోయాడు. రంగు అంటిన ఆ చేతిని పిల్ల రక్తం వచ్చేలా కొరికింది. "ఆపకు, తియ్యి తియ్యి" అన్నాడు అర్జున్ రావు. నేను తీశాను. నాలుగు నిమిషాలు ఆపకుండా తీశాను. ఇంత బతుకులో నేను తీసిన మంచి షాట్ అదే.

డాక్టర్ సంగతి రేపు, మాపు అంటూ ఏడాది గడిపి, అర్జున్ రావు ఫోన్ ఎత్తడం మానేశాడు. సింధూజ మళ్లీ షెడ్డులో కాలు పెట్టలేదు. దూరంనుంచి రేకులు కనబడితేనే నేలమీద పడి పొర్లుతుంది. ఆ పిల్లకు భూమ్మీద చల్లగా ఉన్న చోటు అదొక్కటే, దాన్నీ లేకుండా చేశాం.

సినిమాలో ఆ అరుపు మీద రాక్షసుడి గర్జన వేశారు. మాట వినబడదు. పోశం ఒకరోజు నా స్టూడియోకు వచ్చాడు.

"అన్నా, గా గర్జన లేకుంట నా బిడ్డ మాట ఒక్కటి ఫోన్ల ఏసియ్యవా? దినాం ఇనుకుంట."

ఆ షూటింగ్ ఉన్న మెమరీ కార్డు చెరిపేసి, దాని మీదే వేములవాడలో ఎవరిదో లగ్గం వీడియో తీశాను. అదే చెప్పాను. తిట్టలేదు. "పోనీలే అన్నా" అని వెళ్లిపోయాడు. రెండు దెబ్బలు కొట్టినా నేను కొంచెం నిమ్మళంగా ఉండేవాణ్ని.

పోయిన వారం వాళ్లింటికి వెళ్లాను. పోశం పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలతో తన కళ్లు గట్టిగా కట్టుకున్నాడు. పప్పన్నం ముద్ద చేసి, ఇంకో చేత్తో తడుముకుంటూ బిడ్డ నోరు వెతుకుతున్నాడు.

"గిట్ల కట్టుకుంటెనే తింటది అన్నా. ఆయన కండ్లు అగపడద్దు" అంది విజయ.

నా అలికిడి గుర్తుపట్టి పోశం తల తిప్పాడు.

"అన్నా, నా దిక్కు సూస్తున్నదా?"

పిల్ల గోడ దిక్కు చూస్తోంది.

"సూస్తుంది" అన్నాను.

పోశం ఇంకో ముద్ద కలిపాడు.