అడ్డం పెట్టిన అరచెయ్యి

రెండేళ్ల కిందట అచ్చంపేటలో నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. నా పక్కన ఒక నడివయసు ముస్లిం ఆవిడ, ఆమెకు అటువైపు కిటికీ దగ్గర పదేళ్ల పాప. పాప ఆగకుండా తలను కిటికీ కమ్మీకేసి కొట్టుకుంటోంది. ఆవిడ తన అరచేతిని మధ్యలో అడ్డం పెట్టింది. ఆ చెయ్యి వెనకంతా కమిలి నల్లబడింది.

"నీ బిడ్డేనా?" అనడిగాను.

"మా చెల్లె బిడ్డ అక్కా. తల్లి, తండ్రి ఇద్దరు పోయిండ్రు. దీనికి మాటలు రావు. నేను పండుకుంటే తల పగలగొట్టుకుంటది."

"జరసేపు నా చెయ్యి పెడత. నువ్వు పండుకో."

"నీకెందుకక్కా పరేషాన్?" అంటూనే లేచి నన్ను పాప పక్కకు జరగనిచ్చింది. కూర్చున్న మరుక్షణం నా భుజం మీద వాలి నిద్రపోయింది.

తెలకపల్లి వచ్చింది. నేను దిగాల్సిన ఊరు. ఆమెను లేపాను.

"నేను పండుకున్ననా?" అంటూ ఉలిక్కిపడి, పాప నుదురు తడిమి చూసింది. నా చెయ్యి తీసి తన చెయ్యి పెట్టింది.

నాగర్‌కర్నూల్ ఇంకో అరగంటే. ఆ రోజు నాకు ఇంట్లో తొందర పనేమీ లేదు. ఆమెను లేపకుండా అక్కడిదాకా పోయి, తిరుగు బస్సులో రావచ్చని బస్సు వెళ్లిపోయాక తోచింది.