చక్కెర వేయని కేకు

మా నాయనకు చాక్లెట్ కేకు అంటే పిచ్చి. చెప్తే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మనిషి, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ బూడిద రంగు దుమ్ముండే మనిషి, బీడీ అయినా ముట్టడు కానీ కూలి చేతికొచ్చిన రోజు మాత్రం బస్టాండు దగ్గరి బేకరీకి వెళ్ళేవాడు. ఒక ముక్క అక్కడే నిలబడి తిని, ఇంకో ముక్క కాగితంలో చుట్టించుకుని నాకు తెచ్చేవాడు. ఊరు చేరేసరికి మీది క్రీమంతా కాగితానికి అంటుకుపోయేది. నేను కేకు తినేదాన్ని. నాయన కాగితం మీది క్రీము వేలితో తీసుకుని నాకేవాడు.

"ఏంది ఆ నాకుడు, పసిపిల్లోని మాదిరి," అని అమ్మ తిట్టేది. ఆయన వినేవాడు కాదు.

తర్వాత నాయనకు షుగర్ వచ్చింది. డాక్టరు చెప్పింది నాయనకే అయినా విన్నది మాత్రం అమ్మే. ఆ రోజే చక్కెర డబ్బా కడిగి ఎండబెట్టి అందులో ఉప్పు పోసింది. ఇక ఆ ఇంట్లోకి చక్కెర రాలేదు. టీ అందరికీ చప్పగానే వచ్చేది. చుట్టాలు ఒకసారి తాగి రెండోసారి వద్దనేవాళ్ళు. పెళ్ళిళ్ళకు వెళ్తే అమ్మ నాయన పక్కనే కూర్చునేది. విస్తట్లో లడ్డు పడీపడగానే తీసి కొంగున కట్టుకునేది. ఇంటికి వచ్చాక పక్కింటి పిల్లలకు ఇచ్చేసేది. నాయన ఆ కొంగు వంకే చూస్తూ అన్నం తినేవాడు. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

నన్ను గిద్దలూరు ఇచ్చారు. పెళ్ళయ్యాక నాయన రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. మాటలన్నీ అయిపోయాక గొంతు తగ్గించి, అమ్మ వినకుండా, ఒకరోజు అడిగాడు.

"పాపా, చక్కెర ఎయ్యకుండా ఆ చాక్లెట్ కేకు ఎవురన్నా చేస్తారంటావా?"

ఎవరో ఎందుకు, నేనే చేస్తానన్నాను. అప్పటికి నాకు కేకు చేయడంలో ఓనమాలు కూడా రావు. ముందు డాక్టరును అడిగాను. చిన్న ముక్క, అప్పుడప్పుడూ, అదీ అన్నం తగ్గించి తినొచ్చన్నాడు. ఆ మాట అమ్మకు ఫోన్‌లో అప్పజెప్పాను. "నీ ఇష్టం, ఆయన కాళ్ళు నువ్వే చూసుకో," అని పెట్టేసింది. అప్పటికే నాయన కాలి బొటనవేలికి పుండు పడి మానింది.

నాకు ఓవెన్ లేదు. పాత కుక్కరుకు రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి మూత వేశాను. రాగిపిండి, కోడిగుడ్లు, పెరుగు, నానబెట్టి రుబ్బిన ఖర్జూరం, చక్కెర కలపని కోకో పొడి. వాసన మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. డబ్బాలో పెట్టుకుని కంభం మీదుగా బస్సెక్కి మా ఊరు చేరాను. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గరకు తెచ్చి గోటితో టకటకా కొట్టి విన్నాడు. ఫ్యాక్టరీలో పలక పగిలిందో లేదో అట్లాగే చూస్తారు.

"పలక చేసినావు గదమ్మా. బలపం యాడ?"

నిజంగానే చేత్తో విరిస్తే తునగలేదు. అమ్మ దాన్ని నీళ్ళలో నానబెట్టి కోళ్ళకు వేసింది. కోళ్ళు కూడా ఆలోచించి తిన్నాయి.

నాకు మొండితనం ఎక్కువ. మళ్ళీ మళ్ళీ చేశాను. ఒకటి మాడింది, ఒకటి మధ్యలో పచ్చిగా ఉండిపోయింది. రాగిపిండి ఒక్కటే అయితే గట్టిపడుతుందని, కాస్త గోధుమపిండి కలపాలని, ఇసుక ముందుగా వేడెక్కాలని, మంట బాగా తగ్గించాలని తెలిసొచ్చింది. చివరికి ఒక శనివారం సరుకులన్నీ సంచిలో వేసుకుని పుట్టింటికే వెళ్ళాను. నాయన చూస్తానన్నాడు మరి. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కుక్కరు మూత తీయమని పోరుపెడుతుంటే నేను చేతి మీద ఒక్కటిచ్చాను.

ఆ రోజు కుదిరింది. పొంగింది, మెత్తగా వచ్చింది. నాయన లేచి వెళ్ళి చాకు తెచ్చాడు.

"ఆగు," అంది అమ్మ. "రేపు కోత పండగ. బాగొచ్చిన మొదటిది దేవునిది."

మా ఇంట్లో అది ఆనవాయితీ. గేదె ఈనితే మొదటి పాలు, పాదు కాస్తే మొదటి సొరకాయ, నా మొదటి జీతం, అన్నీ చర్చికే వెళ్ళాయి. తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది.

"దేవునికి షుగర్ లేదు గదమ్మా! ఆయన బేకరీది తింటాడులే."

"నోరు మూసుకో," అంది అమ్మ.

నాయన చాకు గూట్లో పెట్టేశాడు. "ఊరుకో పాపా. రేపు వేలంపాటలో నేనే పాడుకుంటాలే."

కోత పండుగ ఆరాధన అయ్యాక, తెచ్చిన అర్పణలన్నీ చర్చిలో వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్ళు, కందుల మూటలు అయ్యాక సంఘపెద్ద మా గిన్నె పైకెత్తాడు. "రాగి చాక్లెట్ కేకు. చక్కెర లేదంట," అన్నాడు. అందరూ నవ్వారు. నాయన వెంటనే పాడాడు. ఇంకెవరూ పాడరనుకున్నాను. నాయనతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన లేచి, "అంత సులభంగా ఇస్తామా మామా," అని సరదాగా పాట పెంచాడు. నాయన పెంచాడు, ఆయన మళ్ళీ పెంచాడు. చర్చి అంతా నవ్వులు. చివరికి ఆయన దండం పెట్టి కూర్చున్నాడు. గిన్నె నాయన చేతికి వచ్చింది. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నా పెళ్ళిలో కూడా చూడలేదు.

కానీ మా దగ్గర ఇంకో పద్ధతుంది. పాటలో కోడి దక్కితే ఇంటికి తీసుకుపోవచ్చు. వండిన పదార్థం దక్కితే మాత్రం అక్కడే అందరికీ పంచాలి. ఒక ముక్క మిగుల్చుకోడా అనుకున్నాను. పిల్లలు వరస కట్టారు. నాయన ముక్కలు చిన్నవి చేసుకుంటూ పోయాడు. చివరి ముక్క చాకు మీద ఉండగా ఒక ముసలావిడ వచ్చి, "నాకూ షుగరే నాయనా," అంది. ఆయన ఒక్క క్షణం ఆ ముక్క వంక చూసి, ఆమె చేతిలో పెట్టాడు.

తర్వాత ఖాళీ గిన్నె లోపల వేలితో చుట్టూ తుడిచి నాకాడు.

"శానా బాగుంది పాపా. ఈ తూరి నా ఒక్కనికే చెయ్యి."

వచ్చే ఆదివారం తెస్తానన్నాను. ఆ వారం మధ్యలోనే కాలు వాచింది, జ్వరం పట్టుకుంది. మార్కాపురం ఆసుపత్రిలో చూసి ఒంగోలు తీసుకెళ్ళమన్నారు. నేను మాటిచ్చినట్టే కేకు చేసి, స్టీలు డబ్బాలో పెట్టుకుని ఒంగోలు వెళ్ళాను. నాయన కళ్ళు తెరవలేదు. "నాయనా, కేకు తెచ్చినా," అని చెవి దగ్గర చెప్పాను. విన్నాడో లేదో నాకు తెలియదు. డబ్బా మంచం కిందే ఉండిపోయింది. నాయనను ఊరికి తెచ్చేటప్పుడు అంబులెన్సులో అది నా ఒళ్ళో ఉంది. మూత తీయలేదు.

ఆ తర్వాత అమ్మతో సరిగా మాట్లాడలేకపోయాను. ఫోన్ చేస్తే తిన్నావా, మందులేసుకున్నావా, అంతే. ఆ శనివారం సాయంత్రం నాయన చాకు పట్టుకుని నిలబడింది పదే పదే గుర్తొచ్చేది. ఒక్క ముక్క కోయనిస్తే దేవుడు అలిగేవాడా అని లోపల్లోపలే అమ్మతో పోట్లాడేదాన్ని. గిద్దలూరులో బేకరీ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే వీధి మారి వెళ్ళేదాన్ని.

నాయన పోయి సంవత్సరమయ్యాక జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. అమ్మ ముందు రోజు రమ్మంది.

"ఆ కేకు చెయ్యి," అంది.

నేను కుక్కరులో ఇసుక పోశాను. ఖర్జూరం రుబ్బబోతుంటే అమ్మ వచ్చి ఒక పొట్లం నా ముందు పెట్టింది. విప్పి చూస్తే చక్కెర.

"ఇది ఎయ్యి. నిండుగా ఎయ్యి. ఆయనకింక షుగర్ ఏంది?"

అమ్మే పొట్లం ఎత్తి గిన్నెలో మొత్తం పోసేసింది. కేకు ఉడికేంతసేపూ ఇద్దరం పొయ్యి పక్కన కూర్చున్నాం. నాయన పీట ఖాళీగానే ఉంది.

దించాక నేను ఊరుకోలేదు. "మొదటిది చర్చికి పంపియ్యల్ల గదా," అన్నాను. పొడవాలనే అన్నాను.

అమ్మ గూట్లోంచి చాకు తీసి, పొగలు వస్తుండగానే ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. నాకు అప్పుడు తట్టింది. విస్తళ్ళలోంచి తీసిన లడ్లలో అమ్మ ఒక్కటి కూడా తినలేదు. చప్పటి టీ అమ్మ కూడా తాగింది. అన్నేళ్ళలో అమ్మ తీపి తినడం నేను చూడలేదు.

"బాగుంది," అంది. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. "అన్నేండ్లు ఆయన నోరు కట్టేసినా పాపా. ఆ పొద్దు ఒక్క ముక్క తిననిచ్చింటే ఏం పోతుండె?"

ఏడాదిగా నేను అమ్మను అడగాలనుకున్న మాట అదే. అమ్మ నోట వింటే భరించలేకపోయాను.

"నువ్వు కట్టేసినందుకే అన్నేండ్లు ఉన్నాడమ్మా."

"ఉన్నాడు," అంది అమ్మ. "తీపి లేకుండా ఉన్నాడు."

"నువ్వూ అట్లనే ఉంటివి గదమ్మా."

అమ్మ ఇంకో ముక్క కోసి నా చేతిలో పెట్టింది. చక్కెర మరీ ఎక్కువైంది. అయినా ఇద్దరం తిన్నాం.