కారు కింద మెంతికూర

మా బావ తుకారాం నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గడియారాలు బాగుచేసేటప్పుడు పెట్టుకునే నల్లటి కంటద్దం కుడి కంటికి ఉంది. ముక్కుకు జానెడు దూరంలో, అప్పుడే రెండాకులు విప్పిన మొలక. నేరేడ్‌మెట్‌లో వాళ్ల ఇంటి వెనక తలుపు తీసుకుని వచ్చిన నాకు గుండె ఝల్లుమంది. మా అక్క శ్యామలమ్మ పోయింది అంతకుముందు చలికాలంలోనే. మనిషి కదలకుండా పడుకుని కనిపిస్తే చాలు, భయపడే రోజులవి.

"ఏంది బావా, గిట్ల పండుకున్నవ్?"

"జెర పక్కకు జరుగు మణీ. నీ నీడ పడుతుంది."

"మొక్కనా, గడియారమా అది?"

"గడియారమైతే ఏ కంపెనీదో ఎప్పుడో చెప్పేటోణ్ణి. దీని మొకం మీద పేరు రాసి లేదు."

బావది జనరల్ బజార్ సందులో చిన్న దుకాణం. పొద్దున టిఫిన్ తిని వెళితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. ఆదివారాలూ దుకాణమే. ఇంటి వెనక పెరడు అక్కది. అక్కడ ఏదో పండుతుందని బావకు కంచంలో చూసి తెలియడమే తప్ప, ఆ నేలను పగటి వెలుగులో చూసింది తక్కువ. అక్క పోయాక దుకాణం వేరే వాళ్లకు ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడు పట్టుకుంది ఆయన్ను ఆ ప్రశ్న. మధ్యాహ్నం వంట గిన్నెలు కడిగిన దగ్గర్నుంచి సాయంత్రం టీ దాకా ఈమె ఇక్కడ ఏం చేసేది?

అదే సమయానికి దయాకర్ కారు కొన్నాడు. బావ కొడుకు వాడు. భార్య హిమజతో ఆ ఇంట్లోనే ఉంటాడు. సందులో పెట్టిన కొత్త కారు మీద ఎవరో రెండుసార్లు గీతలు గీశారు. ఒక రోజు నా ఎదుటే వాడు మాట ఎత్తాడు.

"బాపూ, వెనక గోడకు గేటు పెట్టి, కింద మొత్తం సిమెంట్ పోపిస్తా. కారు ఇంట్లనే పెట్టుకోవచ్చు. అమ్మ పోయినంక అక్కడ గడ్డి తప్ప ఏముంది?"

వాడన్నది నిజమే. బంతి కర్రలూ ఎండిన బీర తీగలూ తప్ప అక్కడ ఏమీ మిగల్లేదు.

"దసరా దాక ఆగు బిడ్డా," అన్నాడు బావ.

"ఆగితే?"

"నేను పెట్టిన కూర దసరాలోపల మన పొయ్యి మీద ఉడికితే పెరడు ఉంటది. లేకుంటే నువ్వు మేస్త్రీని పిలువు. సిమెంటుకు పొద్దుమాపు నేనే నీళ్లు కొడత."

"నువ్వు ఎన్నడన్న ఒక్క మిరపచెట్టు పెట్టినవా బాపూ?"

"లేదు. గందుకే ఇప్పుడు షురూ చేస్తున్న."

దయాకర్ నా వైపు చూసి నవ్వాడు. "నువ్వే సాక్షివి చిన్నమ్మా," అన్నాడు.

సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు అయిపోయి శ్రావణం వచ్చింది. వానలకు నేల మెత్తబడి, కూరలకు మడులు సిద్ధం చేసుకునే రోజులు. నేను కార్ఖానాలోని మా ఇంటి నుంచి వీలు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. అక్క లేని ఇల్లు చూడలేకపోయినా, పెరట్లో ఏం జరుగుతోందో చూడాలనిపించేది.

బావ నేల తవ్వే పద్ధతి ఎక్కడా చూడలేదు. దుకాణంలో గడియారం విప్పితే మరలన్నీ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చేవాడు. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో మరిచిపోకుండా. పెరట్లోనూ అంతే. పాత తెల్ల పంచె పరిచి, గడ్డపారకు తగిలినవన్నీ దాని మీద పేర్చాడు. గాజు ముక్కలు, వంగిన చెంచా, దయాకర్ చిన్నప్పటి గోళీ, రవిక హుక్కు, చిల్లుపడ్డ చెంబు.

"ఈ చెంబు మూతి దాక పాతిపెట్టి ఉంది మణీ. చిల్లు కిందికే ఉంది. ఎందుకంటవ్?"

"చిల్లు పడ్డది కదా అని పారేసి ఉంటది."

"పారేస్తే అడ్డంగ పడాలె. ఇది నిలబడి ఉంది."

ఆ సాయంత్రమంతా చెంబులో నీళ్లు పోసి, చుట్టూ మట్టి ఎంత మేర తడుస్తోందో చూస్తూ కూర్చున్నాడు. పొద్దున కూడా ఆ మట్టి చెమ్మగానే ఉందట. అక్క ఊరికి వెళ్లే ముందు చెంబు నింపి వెళ్లేదని హిమజ చెప్పింది. బావ ముఖం వెలిగిపోయింది. చెంబును ఉన్నచోటే మళ్లీ పాతిపెట్టాడు.

పెరటి మూలన అక్క తవ్విన ఎరువు గుంత ఉంది, పైన రేకు కప్పి. ఏడాదిగా ఎవరూ తియ్యలేదు. రేకు ఎత్తితే మట్టి నల్లగా, పొడిపొడిగా ఉంది. బావ గుప్పెడు తీసుకుని వాసన చూసి, "చాయ్‌పత్తా లెక్క ఉంది," అని మురిసిపోయాడు. అడుగున కాస్త తప్ప గుంతలో ఉన్నదంతా మడుల మీద పరిచేశాడు. బోయిన్‌పల్లి మార్కెట్ దాకా వెళ్లి తెచ్చిన పాలకూర, మెంతులు, తోటకూర విత్తనాలు చల్లాడు. తోటకూర విత్తనాలను మాత్రం చాలాసేపు కంటద్దంతో చూశాడు. నల్లగా, మెరుస్తూ, ఆవగింజకన్నా చిన్నవి.

ఆ మర్నాడు పెద్ద వాన. వారం తిరిగేసరికి మడుల నిండా మొలకలు. నేను వచ్చేసరికి బావ బోర్లా పడుకుని ఉన్నది అప్పుడే.

మెంతులు వానకు కుళ్లిపోయాయి. పాలకూర పలచగా వచ్చి ఆగిపోయింది. ఈ మొలకలు మాత్రం ఒత్తుగా, పోటీపడి లేచాయి. అవి తోటకూరేనని బావ నమ్మకం. కానీ మూరెడు పెరిగాక ఆకులు తోటకూరలా గుండ్రంగా లేవు. సన్నగా, కొనదేరి ఉన్నాయి. దాంతో ఇంట్లో పంచాయితీ మొదలైంది.

హిమజ ఫోనుతో ఫోటో తీసి, మొక్క పేరేమిటని దాన్నే అడిగింది. ఫోను ఒకసారి పాలకూర అంది, ఇంకోసారి మిరప అంది.

"దీనికన్న మా దుకాణం ముందట కూసునే చిలకజోస్యమాయన నయం," అన్నాడు బావ.

పక్కింటి బుల్లబ్బాయిగారు గోడ మీంచి తొంగిచూశారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లుగా ఆ వీధిలోనే ఉంటున్న పెద్దమనిషి.

"అబ్బే, ఇందులో ఆలోచించడానికేముందండీ తుకారాం గారూ. కొయ్యతోటకూరండీ ఇది. మా వైపు చేల గట్లమ్మట ఎంతుంటుందో."

"మీ వైపు లేనిది ఏదన్న ఉందా సార్?"

"లేకపోతే చెబుతాను గదండీ!"

చివరికి బావ నాలుగు రెబ్బలు కోసి హిమజ చేతికిచ్చాడు. పప్పులో వేసింది. దయాకర్ రెండు ముద్దలు తిని, "మంచిగనే ఉంది. గని తోటకూర కాదు బాపూ," అన్నాడు. బావ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలాడు. తర్వాత ఒక్కడే పెరట్లోకి వెళ్లాడు. తెలియనిదాన్ని పీకెయ్యడం ఆయన వల్ల కాలేదు. పీకేసి మళ్లీ తోటకూర చల్లి ఉంటే దసరా లోపు చేతికందేది. ఆ సంగతి నేను చెప్పాను కూడా.

"అది ఏందో తెల్వకుండ ఎట్ల పీకాలె మణీ? పేరు తెల్వని మనిషిని ఇంట్లకెంచి ఎల్లగొడతమా?"

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస రెండు రోజుల్లో ఉందనగా పొద్దున్నే ఫోను. "జల్ది రా. ఏం చెప్పను, నువ్వే చూడు."

వెళ్లాను. మొక్కల కొసల్లో కంకులు వచ్చాయి. తెల్లగా, చివర కొంచెం గులాబీగా, వేలెడంత. చూసిన వెంటనే నవ్వొచ్చింది. గునుగు పువ్వు. బతుకమ్మకు తంగేడుతో పాటు వరసలు పేర్చే గునుగు! మేము లష్కర్‌లో పుట్టి పెరిగినవాళ్లం. మాకు గునుగంటే ఆకు దూసేసి, ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో ముంచి, మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే పువ్వు. దాని మొక్క ఎలా ఉంటుందో నాకూ బావకూ, ఇంట్లో ఎవరికీ తెలియదు. కళ్లముందే నెలన్నర పెరిగినా గుర్తుపట్టలేకపోయాం.

"ఎక్కణ్ణుంచి వచ్చింది?" బావకు ఇప్పుడు అదొక్కటే ప్రశ్న.

ఎరువు గుంత అడుగున మిగిలిన మట్టిని తెల్ల పంచె మీద పోసి, కంటద్దం పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. ముందుగా నల్లగా మెరిసే చిన్న గింజలు దొరికాయి, అచ్చం తోటకూర విత్తనాల్లాంటివి. బావ చల్లిన తోటకూర ఆ పెద్ద వానకే కొట్టుకుపోయి ఉంటుంది. తర్వాత నూలు దారం ముక్క, దాన్ని అంటుకుని రంగు వెలిసిపోయిన గులాబీ పోగులు.

హిమజ అది చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అది పోయినేటి బతుకమ్మ మామయ్యా. అత్తమ్మ చెరువు దాక నడవలేనన్నది కదా. ఇంటి ముందట టబ్బులనే వేసినం. పొద్దున ఆ పూలు ఏం చెయ్యాలె అని అడిగితే, గుంతల ఏసి రేకు కప్పు అన్నది. నేనే ఏసిన."

అక్క పేర్చిన చివరి బతుకమ్మ అది. బావ దారం ముక్కను పంచె మీద ఒక పక్కగా, విడిగా పెట్టాడు.

ఆ ఏడు హిమజ బజారులో గునుగు కొనలేదు. పెరట్లోదే కోసి, రంగు వెయ్యకుండా, తెల్లటి బతుకమ్మను పేర్చింది. వీధిలో అడిగినవాళ్లందరికీ బావ కట్టలు కట్టి ఇచ్చాడు. బుల్లబ్బాయిగారి భార్య కూడా ఒక కట్ట పట్టుకెళ్లింది. "కొయ్యతోటకూర పట్టుకపోతున్నరు సార్, జాగ్రత్త," అన్నాడు బావ గోడ మీంచి.

దసరా మర్నాడు దయాకర్ మేస్త్రీ బిక్షాన్ని వెంటబెట్టుకొచ్చాడు. గోడ పక్కన నిలబడి, కారు తాళాలు చేతిలో తిప్పుతున్నాడు. వాడికి ఆ పని చెయ్యాలని లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"నేను ఓడిపోయిన బిడ్డా," అన్నాడు బావే ముందుగా.

"పప్పుల ఏసుకుని తిన్నం కదా బావా," అన్నాను నేను.

"నేను పెట్టిన కూర అన్న. అది నేను పెట్టింది కాదు. మాటంటే మాటే." అని సందులో ఆగి ఉన్న కారు దగ్గరికి నడిచాడు. చుట్టూ తిరిగి చూసి, రోడ్డు మీదే బోర్లా పడుకుని దాని కిందికి తొంగిచూశాడు. పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

"బాపూ! ఏం చేస్తున్నవ్? లెవ్వు!"

"ఒక్కటి అడుగుత చెప్పు. దీనికి నాలుగు చక్రాలే కదా. మిగతా జాగకు సిమెంట్ ఎందుకు?"

దయాకర్ కూడా వంగి చక్రాల వైపు చూశాడు.

"పొద్దున ఆఫీసుకు తీస్కపోతవ్, పొద్దుమూకినంక తెస్తవ్. ఎండ ఉన్నంతసేపు ఇది ఇంట్ల ఉండదు. ఇది వచ్చేసరికి ఎండ ఉండదు. రెంటికీ లడాయి ఏముంది?"

బిక్షం తల గోక్కున్నాడు. "చక్రాల కింద రెండు పట్టీలు పోస్తే సరిపోతది సార్. సిమెంట్ సుత మిగులుతది."

"మధ్యల చెట్లు పెరిగితే కింద తగలయా?" అన్నాడు దయాకర్. వాడి గొంతులో అభ్యంతరం కన్నా తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువ వినిపించింది.

బావ లేచి, వేళ్లు చాచి జానెడు చూపించాడు. "ఇంత ఎత్తుంది. మెంతి, కొత్తిమీర ఇంతకన్న పెరగకముందే కోసుకుంటం."

ఇప్పటికీ ఆ పెరడు అలాగే ఉంది. వెనక గోడకు గేటు, రెండు సిమెంటు పట్టీలు, వాటి నడుమ మెంతి మడి, గోడ వారన గునుగు. ఏటా శ్రావణంలో బావ తెల్ల పంచె పరిచి తవ్వడం మొదలుపెడతాడు. ఎరువు గుంతలో పూలు వెయ్యమని అక్క తెలిసే చెప్పిందా, మాలాగే తెలియక చెప్పిందా అన్నది మాత్రం తేలలేదు. పోయినేడు కూడా బావ నన్నే అడిగాడు.

"మీ అక్క కదా. నువ్వే చెప్పాలె."

"ఇన్నేండ్లు కాపురం చేసింది నువ్వు. నన్నడుగుతవేంది?"

బావ ఏదో అనబోయాడు. అంతలో వెనక గేటు దగ్గర దయాకర్ కారు హారన్ మోగింది. నీళ్లు పోసే మగ్గు చక్రం వచ్చే పట్టీ మీదే ఉందని గుర్తొచ్చి, దాన్ని తియ్యడానికి బావ గబగబా లేచాడు.