పడేసే ముందు ఏడు ప్రశ్నలు

మా బుడే మాస్టారు ఏడు ప్రశ్నలు అడక్కుండా ఎవరినీ పడేసేవారు కాదు. పగలు అద్దంకిలో పరుపులు కుట్టేవారు, సాయంత్రం ఆడపిల్లలకు జుజుట్సు నేర్పేవారు. మనిషిని నడుం మీదికెత్తి విసరబోతూ, సరిగ్గా అప్పుడే ఆగిపోయేవారు.

"అన్నం తిని ఎంతసేపైందమ్మా? మెడ పట్టేసిందా? జలుబు తగ్గిందా? కళ్లు తిరుగుతాయా?" మిగతా మూడూ మోకాళ్ల గురించి.

"దొంగని కూడా ఇవన్నీ అడగాలా మాస్టారూ?" అంది నాతో నేర్చుకునే షాహిస్తా ఓసారి.

"వాడికీ మెడ ఉంటుంది కదమ్మా!" అన్నారాయన దిగులుగా.

అది 2003. నేను రోజూ ఒంగోలు కాలేజీకి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. సాయంత్రం అద్దంకిలో దిగగానే ఒకడు వెంటపడేవాడు. ఓ రోజు చున్నీ పట్టుకు లాగాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని భయం. మాస్టారికి మాత్రం చెప్పాను.

ఆయన ఆ రోజు నుంచి నడుం మీదుగా విసిరే హిప్ త్రో తన మీదే చేయించారు. నేను విసరడం, ఆయన దబ్బున పడటం, కింద నుంచే "నీకేం కాలేదుగా?" అని అడగడం. అయినా బస్సు అద్దంకి చేరుతుంటే దిగాలనిపించేది కాదు.

పదకొండో రోజు బస్సు దిగగానే వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంటే, పలకవేం?"

నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు. కాలు మాత్రం దానంతటదే వాడి కాళ్ల మధ్యకి వెళ్లింది, నడుం తిరిగింది. వాడు నా మీదుగా వెళ్లి వెల్లకిలా పడ్డాడు.

"మెడకేమైనా తగిలిందా?" అనేశాను.

"వాడి మెడ సంగతి నీకెందుకే!" అని సోడాకొట్టు అమీర్‌బీ కసిరింది. కండక్టరొచ్చి వాడి కాలరు పట్టుకున్నాడు.

కొట్టు వెనక నుంచి మాస్టారు పరుగున వచ్చారు.

"పదకొండు రోజుల్నుంచి నీ బస్సొచ్చే వేళకి మీ మాస్టారు ఇక్కడే ఉంటున్నాడు" అంది అమీర్‌బీ.

"మరి అడ్డం రాలేదేం మాస్టారూ?"

"నేనొస్తే, నేను లేని రోజు చూసి మళ్లీ వస్తాడు తల్లీ. నువ్వు పడేస్తే ఇంక రాడు. నీ చెయ్యి జారితే మాత్రం నేనున్నానుగా."

మా ఇంటికి కూడా ఆయనే వచ్చారు. జరిగింది చెప్పి, "చదువు మాన్పించకండి సార్" అని నాన్నకి దణ్ణం పెట్టారు.

"దీని చెల్లెల్ని కూడా చేర్చుకుంటారా?" అన్నారు నాన్న.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

"ఇంకో అమ్మాయా! ఉన్నవాళ్లకే నాకు నిద్ర పట్టట్లేదండీ!" అని తల పట్టుకుని, కాసేపటికి లేచి చెప్పులేసుకుంటూ, "రేపు ఆరింటికి పంపండి" అన్నారు.